గ్రీన్ బాండ్లలో రిటైర్మెంట్ డబ్బు పెట్టొచ్చా? ఆ 'గ్రీన్' సంగతి ఎవరు చూస్తారు?

లెక్కల మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను రిటైరైన స్కూల్ అసిస్టెంటుని. ఈ నెలాఖరుకి నా ఎఫ్‌డీ ఒకటి మెచ్యూర్ అవుతోంది, పన్నెండు లక్షలు. రెన్యూ చేద్దామని బ్యాంకుకి వెళితే కౌంటర్లో అమ్మాయి "గ్రీన్ డిపాజిట్ వేయండి సార్, పర్యావరణానికి మంచిది" అంది. వడ్డీ ఎంతమ్మా అంటే మామూలు దానికన్నా కాస్త తక్కువట. మంచి పనికి ఇచ్చే డబ్బుకి తక్కువ వడ్డీ ఏమిటో నాకు బోధపడలేదు.

ఇంటికొచ్చి పుణెలో ఉన్న అల్లుడితో అంటే "అది వద్దు మామయ్యగారూ, కేంద్ర ప్రభుత్వానివి సావరిన్ గ్రీన్ బాండ్లని ఉన్నాయి, ఆర్‌బీఐ సైట్లో మీరే కొనుక్కోవచ్చు" అన్నాడు. ఈలోగా మా వాకింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఏదో సోలార్ కంపెనీ గ్రీన్ బాండు, 10.5 శాతం, 'సెబీ ఆమోదం ఉంది' అని మెసేజి పెట్టాడు.

మూడింటి పేరుకీ ముందు గ్రీన్ తగిలించి ఉంది, పర్యావరణానికి మేలు చేసే పనులకే డబ్బు వాడతామని. మూడూ ఒకటేనా? పన్ను మినహాయింపు ఏమన్నా ఉందా? అన్నిటికన్నా ముఖ్యంగా, నా డబ్బు తీసుకెళ్లి ఇంకెక్కడో వాడేస్తే అడిగే నాథుడెవరు?

వడ్డీ కాస్త తగ్గినా నాకు పట్టింపు లేదు. సర్వీసులో చాలా ఏళ్లు థర్మల్ ప్లాంటు పక్క ఊళ్లలో చేశాను. వేసవిలో గాలి ఇటు తిరిగిందంటే బెంచీల మీద పేరుకున్న బూడిదలో పిల్లలు వేలితో పేర్లు రాసుకునేవాళ్లు. కాబట్టి ఆ డబ్బు నిజంగా ఆ పనికే వెళితే సంతోషమే. వెళ్తుందా అన్నదే ప్రశ్న.

బందరు కుర్రాడు:

మాస్టారూ, ఇదంతా పేరుకే. పచ్చ రంగు వేసి పాత సరుకే అమ్ముతున్నారు. ప్రభుత్వానికి వచ్చిన డబ్బంతా ఒకే ఖజానాలో పడుతుంది, అందులో మీ పన్నెండు లక్షలు ఏవో ఎవరు గుర్తుపడతారు? మామూలు ఎఫ్‌డీ వేసుకుని, మిగిలిన వడ్డీతో పెరట్లో నాలుగు వేపమొక్కలు నాటండి.

పాత ట్రెజరీ మనిషి:

బందరు కుర్రాడు అన్నదాంట్లో సగం నిజముంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ వాట్సాప్ బాండు సంగతి చూడాలి, తొందరపడి డబ్బు పోగొట్టుకునే అవకాశం ఉన్నది అక్కడే.

నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకు ట్రెజరీలో, ముంబైలో, బాండ్లు కొని అమ్మే డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. 'సెబీ ఆమోదం ఉంది' అనే మాట ఎక్కడ కనిపించినా అక్కడే ఆగండి. ఏ బాండునైనా 'ఇది మంచిది, కొనుక్కోండి' అని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఎప్పుడూ ఆమోదించదు. ఏ వివరాలు బయటపెట్టాలో నియమాలు చెబుతుంది, అంతవరకే.

గ్రీన్ బాండ్లకి ఆ నియమాలు మొదట 2017 మే 30న వచ్చాయి. అప్పటికే మన దేశంలో ఇవి మొదలై రెండేళ్లు దాటింది. 2015 ఫిబ్రవరిలో యెస్ బ్యాంకు వెయ్యి కోట్లకి మొదటిది తెచ్చింది, ఆ మర్నెల ఎగ్జిమ్ బ్యాంకు 50 కోట్ల డాలర్లకి తెచ్చింది. అంటే ముందు మార్కెట్ వచ్చింది, వెనకాల నియమం వచ్చింది. 2017 నియమాల ప్రకారం వచ్చిన డబ్బు దేనికి వాడతారో ముందే రాయాలి, వాడకాన్ని విడిగా లెక్కగట్టాలి, బయటి ఆడిటరు దాన్ని సరిచూడాలి. స్వతంత్ర సమీక్షకుడు మాత్రం ఇష్టమైతే పెట్టుకోవచ్చన్నారు. చాలామందికి ఇష్టం కలగదని వేరే చెప్పాలా!

2023 ఫిబ్రవరిలో సెబీ దీన్ని బిగించింది. ఆ ఏప్రిల్ నుంచి రెండేళ్లపాటు మూడో పక్షం సమీక్షకుణ్ణి పెట్టాలి, లేదా ఎందుకు పెట్టలేదో కారణం చెప్పాలి అన్నారు. తప్పుదారి పట్టించే పేర్లు వాడకూడదు, మంచి అంకెలు మాత్రమే ఏరి చూపించకూడదు, ఒకచోట మేలు చూపి ఇంకోచోట జరిగే చెరుపు దాచకూడదు అన్నారు. నీటి ప్రాజెక్టులకి బ్లూ, సోలార్‌కి ఎల్లో అని కొత్త రకాలు కూడా పుట్టించారు. నన్నడిగితే ఆ రంగుల వల్ల మదుపరికి ఒరిగిందేమీ లేదు. పనికొచ్చే అంశం వేరే ఉంది, మాస్టారు అడిగింది కూడా సరిగ్గా దాన్నే. డబ్బు చెప్పిన పనికి కాక వేరేదానికి వాడినట్టు తేలితే కంపెనీ ఆ సంగతి బాండుదారులకి చెప్పి తీరాలి, వాళ్లలో మెజారిటీ కోరితే గడువుకి ముందే అసలు తిరిగి కట్టాలి. పన్నెండు లక్షలు పెట్టిన ఒక్కరు అడిగితే కుదరదు, మెజారిటీ కావాలి. అయినా, అడిగే నాథుడు అంటూ ఉన్నది ఈ ఒక్కచోటే.

ఇవన్నీ డబ్బు ఎక్కడికి వెళ్తుంది అన్నదాని గురించిన నియమాలు. తిరిగి వస్తుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, దానికి గ్రీన్ అనే మాట దగ్గర జవాబు లేదు. యెస్ బ్యాంకునే చూడండి. దేశంలో మొదటి గ్రీన్ బాండు తెచ్చిన ఆ బ్యాంకు మీదే 2020 మార్చి 5న మారటోరియం పడింది, అంటే డబ్బు తీసుకోవడం మీద ఆంక్షలు పెట్టారు. ఆ తర్వాత ఏటీ1 రకం బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయడానికి వీలున్నవి) 8,415 కోట్ల మేర సున్నా చేసేశారు. రద్దయింది గ్రీన్ బాండు కాదు, వేరే రకం. కానీ జారీ చేసిన సంస్థ మునిగితే మీ చేతిలో కాగితం ఏ రంగుదైతే మాత్రం ఏం లాభం?

కాబట్టి ఆ పెద్దమనిషిని బాండు ఐసిన్ నంబరు అడగండి. 'ఐఎన్‌ఈ'తో మొదలయ్యే పన్నెండు అక్షరాల కోడు అది. ఎన్‌ఎస్‌డీఎల్ వాళ్ల ఇండియా బాండ్ ఇన్ఫో సైట్లో దాన్ని కొట్టి చూస్తే రేటింగెంత, తాకట్టు ఉందా లేదా, ఏ ఎక్స్ఛేంజిలో లిస్టయింది అన్నీ తెలుస్తాయి. అమ్మే వెబ్‌సైటు సెబీ దగ్గర ఆన్‌లైన్ బాండ్ ప్లాట్‌ఫామ్‌గా రిజిస్టరయిందో లేదో చూడండి. ఒకప్పుడు ఇలాంటి ప్రైవేటు బాండు ముఖవిలువ పది లక్షలు, మనబోటివాళ్లు ఆ ఛాయలకి వెళ్లేవాళ్లం కాదు. 2023 జనవరిలో లక్షకి, 2024లో పదివేలకి దించారు. ఆ దించడం వల్లే ఇప్పుడు వాకింగ్ గ్రూపుల్లోకి వచ్చింది. ఐసిన్ చెప్పలేకపోతే ఆ మెసేజి డిలీట్ చేసేయండి.

ఇక అల్లుడుగారు చెప్పింది. 2022 బడ్జెట్లో ప్రకటించారు, ఆ నవంబరు 9న విధివిధానాలు ఖరారయ్యాయి, 2023 జనవరి 25న మొదటి వేలం. ఐదేళ్లవి 4,000 కోట్లు 7.10 శాతానికి, పదేళ్లవి 4,000 కోట్లు 7.29 శాతానికి వెళ్లాయి. అదే కాలానికి మామూలు ప్రభుత్వ బాండు ఇచ్చేదానికన్నా ఐదారు బేసిస్ పాయింట్లు తక్కువ. అంటే వందకి ఏడాదికి ఐదారు పైసలు. అప్పు తీసుకునేవాళ్లకి పచ్చదనం వల్ల మిగిలే ఈ పైసల్నే గ్రీనియం అంటారు. పైసలే కదా అనుకోకండి, 8,000 కోట్ల మీద ఆరు పైసలంటే ఏడాదికి 4.8 కోట్లు.

భద్రత సంగతి అడిగితే కేంద్ర ప్రభుత్వ బాండు కాబట్టి ఇంతకు మించి లేదు. ఈ సావరిన్ గ్రీన్ బాండ్ల వడ్డీ మీద టీడీఎస్ పట్టరు, సోలార్ కంపెనీ బాండయితే పది శాతం పడతారు. కానీ పన్ను మినహాయింపు అంటూ దేనికీ లేదు. వడ్డీ మొత్తం మీ ఆదాయంలో కలిపి శ్లాబు ప్రకారం కట్టాల్సిందే. పాత పన్ను విధానంలో ఉంటే ఒక మెలిక చూసుకోండి. సీనియర్ సిటిజన్లకి వచ్చే, 80టీటీబీ అని పిలిచే యాభై వేల తగ్గింపు బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్ల వడ్డీకే వర్తిస్తుంది. బాండు వడ్డీకి రాదు.

ఇక కౌంటర్లో అమ్మాయి చెప్పిన గ్రీన్ డిపాజిట్. ఇది 2023 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ పద్ధతి. మీకు సంబంధించినంతవరకూ మామూలు ఎఫ్‌డీయే. అయిదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, 80టీటీబీ కూడా వర్తిస్తుంది. బ్యాంకు మాత్రం ఆ డబ్బుని సోలార్, విద్యుత్ వాహనాలు, నీటి శుద్ధి లాంటివాటికే అప్పివ్వాలి, ఏటా మూడో పక్షం చేత సరిచూపించుకోవాలి. డబ్బు వాటికి ఇవ్వకపోతే? జరిమానా ఏమీ లేదని ఆర్‌బీఐ ప్రశ్నోత్తరాల్లోనే రాసి ఉంది, పర్యవేక్షణలో భాగంగా చూస్తారట. వడ్డీ తగ్గించమని ఆర్‌బీఐ ఎవరికీ చెప్పలేదు. ఎస్‌బీఐ 2024 జనవరిలో తెచ్చినప్పుడు మామూలు రేటుకన్నా పది బేసిస్ పాయింట్లు తక్కువ పెట్టింది. మీ పన్నెండు లక్షల మీద ఆ తేడా ఏడాదికి 1,200 రూపాయలు. కట్టగలరా అంటే కట్టగలరు. కానీ వేల కోట్ల వేలంలో పెద్ద సంస్థలు ఐదారు పైసలు వదులుకోవడానికే గింజుకుంటుంటే, రిటైరైన మాస్టార్ని పది పైసలు వదులుకోమనడం నాకు మింగుడుపడదు.

అన్నట్టు, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో మీ ముప్ఫై లక్షల పరిమితి నిండిందా? నిండకపోతే ఈ చర్చంతా పక్కన పెట్టి ముందు అక్కడికి వెళ్లండి.

లెక్కల మాస్టారు:

చాలా ఓపిగ్గా చెప్పారండీ, ధన్యవాదాలు. స్కీములో నిండిపోయింది, అందుకే ఈ వెతుకులాట. వాట్సాప్ ఆయన్ని ఐసిన్ అడిగితే "మీకు నమ్మకం లేకపోతే వదిలేయండి మాస్టారూ" అన్నాడు. వదిలేశాను.

ఒక సందేహం. కంపెనీ తప్పు చేస్తే మెజారిటీ కలిసి డబ్బు వెనక్కి అడగొచ్చు అన్నారు. ప్రభుత్వం తప్పు చేస్తే? ఏది గ్రీనో ఏది కాదో ప్రభుత్వమే నిర్ణయించుకుని, ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని, ప్రభుత్వమే బాగుందని రాసుకుంటే, పేపరు రాసినవాడే దిద్దుకున్నట్టు లేదూ?

పాత ట్రెజరీ మనిషి:

మాస్టారు కదా, పట్టుకోవలసినచోటే పట్టుకున్నారు. సెబీ నియమాలు ప్రభుత్వ బాండ్లకి వర్తించవు. ముందుగా డబ్బు వెనక్కి అడిగే హక్కు వీటిలో లేదు.

ఏది గ్రీనో ఖరారు చేసేది ఆర్థిక మంత్రిత్వ శాఖలోని గ్రీన్ ఫైనాన్స్ వర్కింగ్ కమిటీ. దానికి అధ్యక్షుడు ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారు. శాఖలు తమ పథకాలు పంపుతాయి, కమిటీ ఏరుతుంది. వచ్చిన డబ్బు బందరు కుర్రాడు అన్నట్టే కన్సాలిడేటెడ్ ఫండ్‌లోనే పడుతుంది. లెక్క మాత్రం విడిగా రాస్తారు, జారీ అయిన 24 నెలల్లోపు ఖర్చుకి కేటాయించాలి. బయటివాళ్ల అభిప్రాయం అసలు లేకపోలేదు. నార్వేకి చెందిన సిసిరో అనే సంస్థ మన విధివిధానాల్ని చదివి లేత, మధ్యస్థ, ముదురు ఆకుపచ్చల్లో మధ్యస్థం అని మార్కు వేసింది. కానీ అది వేసింది విధివిధానాల పత్రానికి. రేపు జరిగే ఖర్చుకి కాదు.

పత్రం గట్టిగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. బొగ్గు, చమురు తవ్వకం లేదు. అణువిద్యుత్తు లేదు. చెత్తని నేరుగా తగలబెట్టేవి లేవు. 25 మెగావాట్లు దాటిన జలవిద్యుత్తు కూడా లేదు. అంటే 960 మెగావాట్ల పోలవరం జలవిద్యుత్ కేంద్రం దీని కింద రాదు. సహజవాయువు ప్రజారవాణాలో వాడే సీఎన్‌జీ వరకే.

మొదటి ఏడాది రెండు వేలాల్లో తెచ్చిన 16,000 కోట్లలో పెద్ద వాటా విద్యుత్ రైలింజన్లకి, మెట్రోలకి వెళ్లింది. తప్పా అంటే తప్పు కాదు, డీజిల్ ఇంజను పోయి కరెంటు ఇంజను వస్తే మంచిదే. ఆ కరెంటు ఇంకా చాలావరకు బొగ్గుదే అన్నది వేరే సంగతి. నా అభ్యంతరం ఇంకోటి. ఈ బాండు లేకపోయినా ఆ ఇంజన్లు తయారయ్యేవి, రైల్వే పద్దులో ఆ డబ్బు ఎటూ ఉంది. బడ్జెట్‌లో అప్పటికే ఉన్న ఖర్చుల్లోంచి పచ్చగా కనిపించేవి ఏరి, వాటి ఎదురుగా ఈ అప్పు రాసుకున్నారు. అందుకే కుర్రాడి మాట సగం నిజం అన్నాను. అబద్ధం ఆడలేదు, డబ్బు వేరేదానికి మళ్లించనూ లేదు. అలాగని మీ పన్నెండు లక్షల వల్ల కొత్తగా ఒక్క సోలార్ పలక వచ్చిందని ప్రమాణం చేసి చెప్పలేను.

మిగిలిన సగంలో అతనితో ఏకీభవించను. ఇలా ఒక జాబితా రాసి బయటపెట్టాక, ప్రతి ఏడాదీ దేనికెంత వాడారో నివేదిక ఇవ్వాల్సి వచ్చాక, శాఖలు తమ లెక్కలు తీసి చూసుకోవాల్సి వచ్చింది. మామూలు ప్రభుత్వ బాండు కొంటే ఆ డబ్బు దేనికి పోయిందని అడగడానికే వీల్లేదు. ఇక్కడ అడగొచ్చు.

అనంత గాలిమర:

మేం బాండ్లు కొనేవాళ్లం కాదు గానీ, ఆ బాండ్ల డబ్బుతో కట్టినవాటి కింద పనిచేసేవాళ్లం. అనంతపురం జిల్లాలో విండ్ సైట్ ఇంజనీర్ని. మా కంపెనీ తెచ్చినవి డాలర్ గ్రీన్ బాండ్లు. పేరు చెప్పను.

సరిచూసేవాళ్లు నిజంగానే వస్తారు సార్. మరలు ఎన్ని, మీటరు రీడింగు ఎంత, ఏడాదికి ఎన్ని యూనిట్లు, దాన్నిబట్టి ఎంత కార్బన్ తగ్గింది, అన్నీ రాసుకుపోతారు. మా దగ్గర గ్రీన్ అన్నదాంట్లో దాపరికం ఏమీ లేదు, గాలిమర గాలిమరే కదా. వచ్చిన చిక్కల్లా ఇంకో వైపు నుంచి వచ్చింది.

2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత విండ్, సోలార్ పీపీఏల (కరెంటు కొనుగోలు ఒప్పందాల) రేట్లు తగ్గించాలని సంప్రదింపుల కమిటీ వేసింది. 25 ఏళ్లకి రాసుకున్న ఒప్పందాలు అవి. విండ్ యూనిట్‌కి 4.84 రూపాయలు లాంటి రేట్లు ఉండేవి. బయట కొత్త వేలాల్లో రేటు మూడు రూపాయల కిందికి దిగిపోయాక పాత రేటు ఎందుకివ్వాలి అన్నది డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) వాదన, జనం బిల్లు వైపు నుంచి చూస్తే అందులోనూ న్యాయం లేకపోలేదు. కంపెనీలు హైకోర్టుకి పోయాయి. ఆ సెప్టెంబరులో కోర్టు, తేలేదాకా విండ్‌కి 2.43, సోలార్‌కి 2.44 చొప్పున కట్టమంది. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందం రేటే ఇవ్వాలని తీర్పు చెప్పింది. నడుమ రెండున్నరేళ్లు పోయాయి.

ఆ రెండున్నరేళ్లూ మా మరలు తిరుగుతూనే ఉండినాయి. గ్రీన్ ఆడిట్లో ఏ లోపమూ లేదు. రావాల్సిన డబ్బులో సగం మాత్రం రాలేదు. సింగపూర్‌లో కూర్చుని ఆ బాండు కొన్నవాడికి ఆంధ్రా డిస్కం అంటే ఏందో అప్పుడే తెలిసుంటుంది. ఒకే బాండు కింద నాలుగైదు రాష్ట్రాల ప్రాజెక్టుల్ని కలిపి కట్టేది ఇట్లాంటి దెబ్బ కాసుకోవడానికే. మాస్టారూ, కంపెనీ బాండు ఏదన్నా చూస్తే కరెంటు ఎవరికి అమ్ముతున్నారో, వాళ్లు ఎన్ని నెలలకి బిల్లు కడతారో చూడండి. ఆఫర్ డాక్యుమెంట్లో రిస్కుల పేజీల్లో ఉంటుంది, ఎవరూ చదవరు.

పాత ట్రెజరీ మనిషి:

ఇది బంగారం లాంటి జవాబు. ఒక్కటి జోడిస్తాను. ఆ డాలర్ బాండ్లు బయటి ఎక్స్ఛేంజిల్లో లిస్టవుతాయి కాబట్టి నేను పైన చెప్పిన సెబీ నియమాలు వాటిని ముట్టవు. మన దేశపు గ్రీన్ అప్పులో చాలా భాగం అలా బయటినుంచే వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో లాంటివి డాలర్ బాండ్లతోనే పెరిగాయి. మన నియంత్రణ ఒక ఊళ్లో, మన మార్కెట్ ఇంకో ఊళ్లో ఉన్నట్టు నడిచింది చాలాకాలం.

విశాఖ వాసి:

కేంద్రం, కంపెనీలు సరే. మన కార్పొరేషన్లు ఎందుకు తేవట్లేదు? ఇండోర్ వాళ్లు తెచ్చారని చదివాను. జీవీఎంసీ కూడా ఒకప్పుడు బాండ్లు తెచ్చింది కదా?

పాత ట్రెజరీ మనిషి:

తెచ్చింది. 2018 డిసెంబరులో 80 కోట్లు, 10 శాతానికి. అదే ఏడాది జీహెచ్‌ఎంసీ 200 కోట్లు 8.9 శాతానికి, అమరావతి కోసం సీఆర్‌డీఏ 2,000 కోట్లు 10.32 శాతానికి తెచ్చాయి. ఏవీ గ్రీన్ బాండ్లు కావు. అప్పట్లో మొదటిసారి బాండు తెచ్చిన నగరానికి వంద కోట్లకి 13 కోట్ల చొప్పున కేంద్రం ప్రోత్సాహకం ఇచ్చేది, ఆ ఊపులో చాలామంది వచ్చారు.

మున్సిపల్ గ్రీన్ బాండుకి ముందు దారి వేసింది ఘజియాబాద్. 2021లో 150 కోట్లు, 8.1 శాతం. మురుగునీటిని శుద్ధిచేసి ఫ్యాక్టరీలకి అమ్మే ప్లాంటు కోసం. కానీ నాకు బాగా నచ్చింది 2023 ఫిబ్రవరి నాటి ఇండోర్ బాండు. ఇండోర్‌కి తాగునీరు నర్మద నుంచి రావాలి, ఖర్‌గోన్ జిల్లా జలూద్ దగ్గర పంపులతో ఎత్తిపోయాలి. ఆ కరెంటు బిల్లే కార్పొరేషన్‌కి పెద్ద భారం. అక్కడే 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టి బిల్లు తగ్గించుకుంటాం, అందుకు 244 కోట్లు ఇవ్వండి అని నేరుగా జనాన్నే అడిగారు. 8.25 శాతం, ఆరు నెలలకోసారి వడ్డీ, కనీసం పదివేలు పెడితే చాలు. అసలు కూడా మూడు, ఐదు, ఏడు, తొమ్మిదేళ్లకి నాలుగు వాయిదాల్లో. ఆ 244లో మొదట అడిగిన 122 కోట్లకి దాదాపు ఆరింతల బిడ్లు వచ్చాయి.

చూడండి, దీంట్లో గ్రీన్ అనే మాట తీసేసినా బాండు నిలబడుతుంది. తగ్గే కరెంటు బిల్లుతోనే అప్పు తీరుతుంది. సమీక్షకుడు రాసే నివేదిక కోసం ఎదురుచూడక్కర్లేదు, ప్లాంటు తిరుగుతోందా లేదా అన్నది నగరం కరెంటు బిల్లులోనే కనపడుతుంది. నీళ్లు ఎత్తిపోసే నగరాలు మనకీ తక్కువేం లేవు. హైదరాబాద్ కృష్ణ నుంచీ గోదావరి నుంచీ ఎత్తిపోసుకునే తాగుతోంది. కాకపోతే ఇండోర్‌కి డబుల్ ఏ దరిదాపు రేటింగు ఉంది, ఆస్తిపన్ను సరిగ్గా వసూలవుతుంది, ఖాతాలు ఏడాదికేడాది ఆడిట్ అవుతాయి. విశాఖలో కావలసింది అదీ. గ్రీన్ సర్టిఫికెట్ ఆఖరున వచ్చే కాగితం.

బందరు కుర్రాడు:

బాబాయ్, ఇంత బాగుంటే మార్కెట్ ఎందుకు పెరగట్లేదు మరి? గవర్నమెంట్ గ్రీన్ బాండ్ల వేలం ఫెయిలయిందని కూడా విన్నా.

పాత ట్రెజరీ మనిషి:

అయింది. 2024 మే ఆఖర్న 6,000 కోట్ల పదేళ్ల గ్రీన్ బాండు వేలానికి వచ్చిన బిడ్లన్నీ ఆర్‌బీఐ తిరస్కరించింది. తర్వాతి నెల మళ్లీ పెడితే 6,000లో 1,697 కోట్లకే ఒప్పుకుంది. ప్రభుత్వం మామూలు బాండుకన్నా కాస్త తక్కువకి అప్పు కావాలనుకుంది, కొనేవాళ్లు ఎందుకు తగ్గాలి అన్నారు.

ఎందుకు తగ్గాలి, నిజంగానే? మా డెస్కు వైపు నుంచి చెబుతాను. బ్యాంకు ఎస్‌ఎల్‌ఆర్ కింద, అంటే డిపాజిట్లలో కొంత వాటా ఇలాంటివాటిలో పెట్టాలన్న నియమం కింద, ప్రభుత్వ బాండ్లు ఎలాగూ కొనాలి. గ్రీన్ బాండు కొన్నా మామూలుది కొన్నా లెక్క ఒకటే, ఒక్క పైసా అదనపు వెసులుబాటు లేదు. పైగా గ్రీన్ బాండు ఒక్కో విడత ఐదారు వేల కోట్లే. కొన్నవాడు బీరువాలో పెట్టేస్తాడు, బయట తిరగదు. రేపు అర్జెంటుగా అమ్మాలంటే కొనేవాడు దొరకడు. సులభంగా అమ్ముడుపోని సరుకుకి కొనేవాడు ఎక్కువ వడ్డీ అడుగుతాడు, అమ్మేవాడు గ్రీన్ కదా అని తక్కువ ఇస్తానంటాడు. యూరప్‌లో గ్రీన్ బాండ్లే కొనాలని నియమం పెట్టుకున్న ఫండ్లు ఉన్నాయి, అక్కడ గ్రీనియం పుట్టింది అలా. మన ఎల్‌ఐసీకి, ప్రావిడెంట్ ఫండుకి అలాంటి నిబంధన లేదు. పెట్టాలని కొందరంటారు. పెట్టొచ్చు. అప్పుడు తగ్గిన ఆ ఐదారు పైసలు ఎవరివి? పీఎఫ్ చందాదారువి, పాలసీదారువి. బయటినుంచి ఎవరో వచ్చి కట్టరు.

విదేశీయులకి తలుపు బార్లా తెరిచారు, పెట్టుబడి పరిమితి లేదు, 2024లో గిఫ్ట్ సిటీ (గుజరాత్‌లోని అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం) ద్వారా కూడా కొనుక్కోనిచ్చారు. రావాలంటే వాళ్లకి ముందు కావలసింది 'మన దేశంలో గ్రీన్ అంటే ఇదీ' అని ఒకే నిర్వచనం. ఇప్పుడు సెబీకి ఒకటి, ఆర్‌బీఐ డిపాజిట్లకి ఒకటి, సావరిన్‌కి ఒకటి. ఆ వర్గీకరణ తెస్తామని 2024 జులై బడ్జెట్లో అన్నారు, 2025 మేలో ముసాయిదా వదిలారు. పదేళ్ల కిందట మొదలైన మార్కెట్‌కి ఇప్పుడు నిఘంటువు రాస్తున్నారన్నమాట.

లెక్కల మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. నా నిర్ణయం ఇది. ఎనిమిది లక్షలు మామూలు ఎఫ్‌డీ. నాలుగు లక్షలు సావరిన్ గ్రీన్ బాండుకి, అల్లుడు అకౌంట్ తెరుస్తానన్నాడు. గ్రీన్ డిపాజిట్ మాత్రం వేయను. పది పైసలు తగ్గించి ఇస్తూ దేనికి వాడారో నివేదిక అడిగితే కౌంటర్లో అమ్మాయి నా వంక వింతగా చూసింది.

రెండు ప్రశ్నలు. వేలంలో ఎంత ధర చెప్పాలో నాకేం తెలుసు? మా ఆవిడ పేరు కూడా కలపొచ్చా?

పాత ట్రెజరీ మనిషి:

ధర చెప్పక్కర్లేదు. చిల్లర మదుపర్లకి ప్రతి వేలంలో ఐదు శాతం విడిగా ఉంచుతారు. మీరు ఎంత మొత్తమో చెబితే చాలు, పెద్దవాళ్ల బిడ్ల సగటు ధరకి మీకు వస్తుంది. కనీసం పదివేలు. ఇందుకు ఆర్‌బీఐ సైట్లో తెరిచే రిటైల్ డైరెక్ట్ అకౌంటుకి ఫీజు లేదు, జాయింట్‌గా తెరవొచ్చు, అమ్మగారి పాన్ కూడా దగ్గర పెట్టుకోండి. నామినీ కాలమ్ ఖాళీగా వదలొద్దు.

గ్రీన్ వేలాలు ప్రతి వారం ఉండవు. ఆరు నెలలకోసారి ఆర్‌బీఐ విడుదల చేసే అప్పుల క్యాలెండర్లో ఏ వారం ఎంత, ఎన్నేళ్లది అన్నది ఉంటుంది. ముప్ఫై ఏళ్లవి కూడా వస్తున్నాయి, వాటి జోలికి వెళ్లకండి. వడ్డీ రేట్లు కొంచెం పెరిగినా వాటి ధర బాగా పడుతుంది, మధ్యలో అమ్మాల్సివస్తే నష్టపోతారు. ఐదేళ్లది వస్తే తీసుకోండి. రాకపోతే అల్లుడిగారితో అదే కాలానికి మామూలు ప్రభుత్వ బాండు కొనిపించండి.

లెక్కల మాస్టారు:

ఆవిడ పాన్ కార్డులో ఇంటిపేరు పుట్టింటిది ఉంది, ఆధార్‌లో మాది. ముందు అది సరిచేయించాలి. మీసేవకి వెళ్తున్నా.